పొణికి నిచ్చెన

నిర్మల్‌లో బొమ్మలు చేసే ఇల్లు. చిట్టెలుకలాంటి పెంపుడు హ్యామ్‌స్టర్ ఉన్న పంజరం పక్కన కూర్చుని భర్త పొణికి చెక్కతో ఏదో చేస్తున్నాడు. భార్య చాయ్ తెచ్చి ముందు పెట్టింది.

“నిన్ననే గదా దానికి ఊయల చేసినవ్. మళ్ల ఇదేంది?”

“నిచ్చెన. మీదికెక్కి కూసుంటదని.”

“ఎర్ర రంగేసినవేంది?”

“ఏసిన్నా?”

“చూడు.”

“ఔ. ఏసిన.”

“అది చెక్కంతా కొరుకుతది, రంగెయ్యకు బాపూ అని లాస్య ఎన్నిసార్లు చెప్పింది నీకు?”

“చెప్పింది. ముప్పై ఏండ్లు బొమ్మలకు ఏసిన చెయ్యి. దానంతట అదే ఏసింది.”

“ఇటియ్యి, గీకుత.”

“వద్దు. రంగు కింద చింతగింజల లప్పం గూడ పెట్టిన. చెక్కల ఇంకింది. కొత్తది చేస్త.”

“చాయ్ సల్లగైతుంది.”

“కానీ.”

“లాస్య దినాలై మూడు నెల్లాయె. ఆర్డర్ బొమ్మ ఒక్కటి ముట్టుకోలే నువ్వు.”

“ముట్టుకుంట. ముందు ఇది కానీ.”

పంజరంలో హ్యామ్‌స్టర్ రంపపుపొట్టులో ముడుచుకుని పడుకుంది. ఊయల కదలడం లేదు. అతను పంజరంలోకి చూశాడు.

“ఇవి ఎన్నేండ్లు బతుకుతయే?”

“రెండేండ్లు. మస్తంటే రెండున్నర. లాస్యనే చెప్పింది.”

“దీన్ని ఎప్పుడు తెచ్చింది?”

“పోయిన దసరా గాదు, ఆ ముందటి దసరాకు.”

“గీ దసరా ఎప్పుడు?”

“వచ్చే వారమే.”

అతను ఉలి పక్కన పెట్టాడు. ఆమె కొత్త చెక్క తీసి అతని చేతికిచ్చింది.

“ఈసారి మెట్లు దగ్గర దగ్గర పెట్టు. ముసలిదైంది, కాళ్లందవ్.”