జానెడు ఎక్కువ అంగీ

శామీర్‌పేట చెరువు అలుగు దుంకి కిందూళ్లు మునిగిన ఏడు. ఇగ మందులు పనిజేయవు, ఇంటికి తోల్కపొమ్మని నా కొడుకు గిడియోన్‌ను దవాఖానోళ్లు నాకప్పజెప్పిండ్రు. నాది శవపెట్టెలు జేసే పని. చర్చి ఎనుక రేకుల షెడ్డు. పాట పాడెటందుకు ఒక అంగీ కుట్టియ్యమని గిడియోన్ అడిగితే, కొలతకు టేపు దీసిన.

"పండుకో."

"బట్టలకు నిలబెట్టి కొలుస్తరు బాపు."

"నాకు గిట్లనే అస్తది. పండుకో."

"తలకాయ కాడికెళ్లి మడిమె దాక, మీద జానెడు. గిది పెట్టె కొలత గాదా?"

"కదలకు."

"జానెడు తీసెయ్. నిలువుటంగీ కింద జీరాడుతది."

"ఉండనీ. బట్టేది?"

"పెట్టెల లోపట కొడతవు సూడు, గా వెండి శాటిన్."

"గది సచ్చినోళ్లది."

"మెరుస్తది గదా. గ్లామ్ రాక్ అంటరు. మెరుపు బట్టలు, కండ్లకు రంగు, గిటారు మస్తు గట్టిగ."

"ఆడోళ్ల లెక్క."

"మొగోళ్లే ఏసుకుంటరు. పాస్టరుకు జెప్పకు."

"పాటెవలిది?"

"నాదే. ఆరునెల్లాయె కట్టవట్టి. దగ్గు ఆగినప్పుడల్ల ఒక్కో లైను."

"ఏమున్నది దాంట్ల?"

"ఇంకో నూరేండ్లకు మన చెరువు ఎండిపోతది. చుక్కలకెళ్లి ఒకడు వెండి అంగీల దిగుతడు. నెర్రెల నడుమ నిలబడి గిటారు కొడతడు. ఎవలన్న ఉన్నరా అనడుగుతడు."

"ఉంటరా?"

"ఎవలుండరు."

"మరెవలికి పాడుతడు?"

"ఉన్నరనుకొని పాడుతడు."

"గిదేం పాట."

"గందుకే నువ్వు గావాలె. ఫోన్ల రికార్డు జేస్త. నేనడగంగనే ఉన్న అను. గంతే."

"నాకు పాటలు రావు."

"పాట గాదు బాపు, ఒక్క మాట."

"సూద్దాం."

"సూద్దాం అంటే ఎప్పుడు?"

"సూది ఇరిగింది. ఆగు."

పొద్దుగూకెటాలకు అంగీ కుట్టి ఇచ్చిన. జానెడు జీరాడింది. కండ్లకు రంగేసుకొని, ఫోన్ల రికార్డు వెట్టి, గోడకు ఒరిగి పాడిండు. ఎవలన్న ఉన్నరా అన్నడు. ఆగిండు. నేను దారపు ఉండ సుట్టుకుంట కూసున్న.

"అనలేదేంది బాపు?"

"రేపంట."

"రేపా?"

"ఆ. రేపు."

తెల్లారెసరికి పాణం లేదు. పెట్టె జేసిన. మల్ల కొలవలే. గదే అంగీల పండవెట్టి, మూత కొట్టెముందు ఫోన్ల పాట వెట్టిన. దగ్గుకుంటనే కడ దాక పాడిండు.

"ఎవలన్న ఉన్నరా?"

"ఉన్న."