అరవయ్యో సీటు

ఫిలిప్పీన్స్‌లో ఇలోయిలో అనే ఊళ్ళో, జీప్నీ బళ్ళు ఆగే చోట బాచోయ్ అనే నూడుల్స్ సూప్ అమ్మే చిన్న కొట్టు. చావింటి నుంచి వస్తూ నేలియా, ఆమె కూతురు ఆనలిన్ అక్కడ దిగారు. నేలియా గుమ్మం కనబడేలా గోడకి ఆనుకుని కూర్చుంది.

"...తాగవే, చల్లారిపోతోంది. నాలుగు గుటకలన్నా తాగు."

"ఆకలి లేదమ్మా. ఇంటికి పోదాం."

"తిన్నగా ఇంటికా? చావింటి నుంచా? పోయినదాని ఆత్మ వెనకాలే వస్తుందే! ఎక్కడో ఒకచోట కాసేపు ఆగి, దులుపుకుని పోవాలి. నీకెన్నిసార్లు చెప్పాలి?"

"వస్తే రానీ. బతికుండగా ఈ రెండేళ్ళూ రోవెనా మనింటికి రాలేదా? నీ చేతి కూడు తినే చదువుకుంది కదా నాతో."

"చాల్లే. సందెవేళ ఆ పేరెత్తకు. ముందిది చెప్పు, డీన్ మేడమ్‌తో ఏమన్నావ్?"

"ఏమీ అనలేదు."

"అనలేదా! ఖాళీ అయిన సీటు కావాలో వద్దో రేపు మధ్యాహ్నంలోపు చెప్పమన్నారు కదే! నర్సింగ్‌కి అందరూ ఎగబడుతున్నారు, మూడో ఏడాదికి అరవైమందినే ఉంచుతామని మొదట్నుంచీ మొత్తుకుంటున్నారు. నువ్వేమో అరవై ఒకటో దానివి. నువ్వు నోరు మూసుకుంటే నీ వెనకది తెరుస్తుంది. అప్పుడో? హోటల్ కోర్సులోకి తోసేస్తారు. జన్మంతా పరుపుల మీద దుప్పట్లు మారుస్తావా?"

"మార్చేవాళ్ళు మనుషులు కారా?"

"నాతో వాదించకు. పొద్దుట్నుంచీ గుండె దడదడలాడుతోంది నాకు. ఆ శవపెట్టె మీద... చూశావా నువ్వు?"

"కోడిపిల్లనా?"

"ఎందుకు వదిలారే దాన్ని? ఎవరన్నా చంపితే కదా పెట్టె మీద కోడిపిల్లని వదిలేది, చంపినవాడి గుండె పొడుస్తుందని! ఈ పిల్లనెవరు చంపారు? ఫిట్స్ వచ్చి పడవలోంచి పడింది. పడవనిండా జనం చూశారు."

"మాత్రలు మానేసిందట, కాలేజీలో పేరు కొట్టేసిన రోజు నుంచీ. ఇంకెవరికోసం మింగాలి అందట."

"అయ్యో పాపం... అయినా నువ్వే చెప్పు, అలాంటి జబ్బు పెట్టుకుని రోగి మంచం పక్కన నిలబడొచ్చా? సూది చేతిలో ఉండగా పడిపోతే? కాలేజీవాళ్ళు తీసేశారంటే తప్పా?"

"మాత్రలు వేసుకున్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా పడలేదమ్మా. అందరికంటే బాగా చదివేది."

"సరే, సరే. సీటు ఖాళీ అయ్యింది ఆ పిల్ల పోకముందే కదా? చచ్చినదాని సీటు కాదది. దోషం లేదు. చర్చిలో ఫాదర్‌ని కూడా అడిగాను."

"ఫాదర్‌నా? ఏమని?"

"ఊరికే... అడిగాను. తాగు, తాగు. అవునే, వాళ్ళమ్మ నీ చెయ్యి పట్టుకుని అంతసేపు ఏం గొణిగింది? నావైపే చూసిందే!"

"నీవైపు కాదు. ఎటూ చూడటం లేదు ఆవిడ."

"ఏమంది మరి?"

"కాలేజీకి ఎవరో ఫోన్ చేసి చెప్పారటమ్మా, ఈ పిల్లకి మూర్ఛరోగం ఉందని. పేరు చెప్పలేదట. ఆడగొంతట."

"ఎవరో ఓర్వలేని ముండ. సీటు రానివాళ్ళు ఊరినిండా లేరూ! నిన్ను... నిన్నేమన్నా అనుమానించిందా?"

"జబ్బు సంగతి రోవెనా నాకొక్కదానికే చెప్పిందట. అందుకని అడిగింది."

"దేవుడా! నువ్వేమన్నావ్? నీళ్ళు నమిలావా? గట్టిగా చెప్పావా లేదా?"

"చెప్పాను. పెట్టె మీద చెయ్యి వేసి ఒట్టేశాను. ఎవ్వరికీ చెప్పలేదు పిన్నీ, అని."

"హమ్మయ్య! మంచిపని చేశావ్ తల్లీ. ఒట్టు నిజమైనదైతే మనకి భయమేంటి?"

"నిజం కాదమ్మా. ఒక్కరికి చెప్పాను. మన వంటింట్లో, నువ్వు చేపకి పొలుసు తీస్తూ కూర్చుంటే... నీకు."