గోడకి ఆనించిన ఫ్రేము

“చలి ఆపడానికి గోడలో పీచు దుప్పట్లు వద్దురా. చెమ్మ పీల్చేస్తాయి.”

“సరే బావా, రాతి ఊలు పెడదాం. తడిసినా పాడవదు.”

“స్టీలు ఫ్రేముకి సరిపోయే వెడల్పు దొరకదు. దుకాణాల్లో ఉండేదంతా చెక్క ఫ్రేములకే. ఇందులో పెడితే పక్కన సందు మిగులుతుంది.”

“తెప్పించుకోవచ్చు.”

“తెప్పిస్తే ఎప్పటికొస్తుందో.”

“పోనీ, ఫోము కొట్టించేద్దాం. ఒక్క పూటలో అయిపోతుంది.”

“ఆ వాసన మీ అక్కకి పడదు. తలనొప్పి.”

“ఫోము పలకలు?”

“ఎలకలకి అంతకంటే మంచి హోటలు ఉండదు. నవ్వుతావేంట్రా?”

“నవ్వట్లేదు బావా.”

విన్నిపెగ్‌లో నవంబరు. బయట మంచు మోకాలిదాకా ఉంది. ఊళ్లో సగం బేస్‌మెంట్లకి ఫ్రేములు కట్టిన గార్నెట్, ఇప్పుడు సొంత బేస్‌మెంటులో బామ్మర్ది ఓరెస్ట్‌తో మాట్లాడుతున్నాడు.

“బావా, ఆ లైటు ఇలా తిప్పు.”

“ఎందుకు?”

“తిప్పు, చెప్తాను. ఇదేంటి, ఫ్రేము కాంక్రీటుకి ఆనించేశావ్?”

“ఆనిందా?”

“ఆనడం కాదు, అతుక్కునే ఉంది. వెనక వేలు కూడా దూరట్లేదు. ఫోము పలక ఎక్కడ పెడతావ్ మరి?”

“చూసుకోలేదు.”

“నువ్వా?”

“వయసైపోయిందిరా.”

“నాకు ఈ పని నేర్పిందే నువ్వు. మొదటిరోజు ఇలా ఆనించి కట్టానని నా చేతే మొత్తం విప్పించావ్. స్టీలు చలిని లోపలికి మోసుకొస్తుంది, ముందు గోడంతా ఫోము కప్పి దాని ముందు నిలబెట్టాలి వెధవా, అన్నావ్.”

“అన్నానా?”

“కస్టమరు ముందే అన్నావ్. ఇటు చూడు, ఫ్రేము కింది పట్టీ వెంట అప్పుడే నీరు పట్టింది. ఇంకో నెలకి తుప్పు, ఆ తర్వాత బూజు.”

“అయితే విప్పి మళ్ళీ కట్టాలి.”

“ఎంత తేలిగ్గా అన్నావ్.”

“తప్పదుగా. గోడలన్నీ విప్పాలి. క్రిస్మస్ పనులు కూడా ఉన్నాయి నాకు. కొత్త సంవత్సరం వెళ్ళాక చూద్దాం.”

“బావా.”

“ఊఁ.”

“కావాలనే కట్టావా?”

“కావాలని ఎవడైనా తప్పు కడతాడా?”

“నన్ను చూసి చెప్పు.”

“ఆ టేపు ఇలా ఇవ్వు.”

“టేపు తర్వాత. ఈ గది తయారవగానే నువ్వు కిందికి దిగిపోతానన్నావ్. ఇల్లు అమ్ముడయ్యేదాకా అక్క పైన, నువ్వు కింద. అదేగా మీ ఒప్పందం?”

“అదే.”

“గది తయారవకపోతే?”

“తయారవుతుంది. ఎందుకవదు?”

“వేసవిలో మొదలెట్టావ్ బావా. వేరేవాళ్ళ ఇళ్ళకి వారంలో కట్టేస్తావ్.”

“సొంత పని ఎప్పుడూ ఆలస్యమేరా.”

“బావా.”

“ఏంట్రా నీ గోల. అవును. కావాలనే ఆనించాను. చాలా?”

“ఎందుకు?”

“ఎందుకేంటి? ఇది పూర్తయ్యేదాకా నా మంచం పైనేగా. మా ఇద్దరి మధ్య దిండు పెట్టుకుని అటు తిరిగి పడుకుంటుంది. అయినా ఊపిరి వినబడుతుంది. నాకది చాలు.”

“అక్కతో మాట్లాడొచ్చుగా.”

“మాట్లాడితే ‘అయిపోయింది గార్నెట్’ అంటుంది. ఎంత మర్యాదగా అంటుందో. తిట్టినా బావుండేది. మొన్న తెల్లారుజామున నిద్రమత్తులో నా చెయ్యి పట్టుకుంది, తెలుసా?”

“బావా, కాస్త కూర్చో.”

“కదల్లేదు నేను. ఊపిరి కూడా మెల్లిగా తీశాను. మెలకువ రాగానే వదిలేసింది. సారీ అంది. మొగుడి చెయ్యి పట్టుకుని పెళ్ళాం సారీ చెప్పడం ఎక్కడైనా విన్నావా?”

“కూర్చో.”

“కూర్చోను. నువ్వు మీ అక్కకి చెప్పకు, అంతే. ఫోము దొరకలేదను. వెడల్పు కుదరలేదను. ఏదో ఒకటి చెప్పు.”

“అక్కకి తెలుసు.”

“ఏం తెలుసు?”

“మొదటి గోడ నిలబెట్టినప్పుడే చూసింది. నాకు ఫోన్ చేసి అడిగింది, ఫ్రేము కాంక్రీటుకి ఆనించి కడతారా అని.”

“నువ్వేమన్నావ్?”

“కట్టరు అన్నాను. ఎందుకడిగిందో అప్పుడు నాకు తెలీలేదు బావా. అక్క మాత్రం వెంటనే కనిపెట్టింది.”

“మొదటి గోడకే తెలుసా?”

“తెలుసు.”

“తెలిసి కూడా నన్నొక్క మాట అడగలేదు.”

“అడగలేదు.”

“రోజూ ఈ మెట్ల దగ్గరికొచ్చి, పనెలా సాగుతోంది అనేది. సాగుతోంది అనేవాణ్ణి. సరే, తిండికి రా అనేది. తెలిసే అనేదా?”

“బావా, నేనొచ్చింది…”

“ఆగరా. నన్ను ఆలోచించనీ. మనిషిని పంపించేయాలనుకున్నది ఇన్నాళ్ళు ఊరుకుంటుందా? నువ్వే చెప్పు. తనకీ ఇష్టం లేదురా నేను దిగడం. నోటితో అనలేక ఊరుకుంది. మీ అక్క డారియా అంతే, మనసులోది ఎప్పుడు చెప్పింది గనక? నవ్వవేంట్రా? ఆ డ్రిల్లు ఇలా తే. మళ్ళీ కట్టడం లేదు, ఏమీ లేదు. మొత్తం పీకి పారేద్దాం. అసలీ గది దేనికి?”

“ఊరుకోలేదు బావా. ఇన్నాళ్ళూ ఇల్లు వెతుక్కుంది. ‘ఆయన్ని కిందికి దిగమని నా నోటితో చెప్పలేను, పైనే పడుకోనీ, నేనే వెళ్తాను’ అంది. బ్రాండన్ ఊళ్లో దొరికింది. పొద్దున నువ్వు పనికెళ్ళాక నేనే అక్కని దింపి వచ్చాను.”