అడ్డగడియ తీసింది మా పెద్దమ్మే

నన్ను ఇంట్లోనూ వీధిలోనూ పిచ్చుక అంటారు. రికార్డుల్లో ఉన్న పేరు రైటర్ గారు పైన రాసుకున్నారు. వయసు పంతొమ్మిది. ఉపాధ్యాయ శిక్షణ కాలేజీలో రెండో సంవత్సరం చదువుతున్నాను. అమ్మానాన్నలు లేరు. గొడుగులు బాగుచేసే మా పెద్దమ్మ నన్ను పెంచింది, ఆమె ఇంట్లోనే ఉంటున్నాను. కుడిచేతి వేళ్లకు కట్టు ఉన్నందువల్ల నేను చెబుతుంటే స్టేషన్ రైటర్ గారు రాస్తున్నారు. రాసినదంతా చివర్లో చదివి వినిపించాలని అడిగాను. సరే అన్నారు. ఆఫీసర్ గారు కిటికీ దగ్గర నిలబడి వింటున్నారు.

మా ఇల్లు మందుల షాపు పక్క సందులో ఉంది. ముందొక గది, వెనకొక గది, వంటచోటు. ముందు గదిలో పెద్దమ్మ పని చేసుకుంటుంది. అక్కడ గోడ నిండా గొడుగులు తలకిందులుగా వేలాడుతుంటాయి. చిన్నప్పుడు వాటిని గబ్బిలాలనుకుని ఏడ్చేదాన్ని. వీధిలోకి ఒకటే తలుపు. ఆ తలుపుకు ఎప్పుడూ తాళం లేదు. లోపలి నుంచి అడ్డగడియ వేసుకుంటాం. అది మణికట్టు లావున్న కర్ర. తలుపుకు అటూ ఇటూ గోడలో దిగిన ఇనుప కొక్కేల్లో అడ్డంగా కూర్చుంటుంది. పెద్దమ్మ పని ఇంట్లోనే కాబట్టి ఇల్లెప్పుడూ ఖాళీగా ఉండదు. ఈ సంగతి మేం ఎవరి దగ్గరా దాచలేదు.

పోయిన ఎండాకాలం సందు చివరి ఇల్లు అంటుకుంది. లోపల ముసలాయన ఉన్నాడు. కొడుకు బయట తాళం వేసుకుని పనికి వెళ్లాడు. ఆయన అరుపులు మేమంతా విన్నాం. ఆ తర్వాత ప్రతి ఇంటి మారు తాళంచెవి తమ దగ్గర ఉంచాలని వార్డు ఆఫీసు వాళ్లు ఆదేశించారు. మళ్లీ అలాంటిది జరిగితే వచ్చి తలుపు తీస్తామన్నారు. అందరూ ఇచ్చారు. నాకూ మంచి పనే అనిపించింది. మాకు తాళం ఉండి ఉంటే నేనే తీసుకెళ్లి ఇచ్చేదాన్ని.

వాళ్ల గుమాస్తా మా ఇంటికి వచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను.

"సందు మొత్తంలో మీరొక్కరే చెవి ఇవ్వలేదమ్మా" అన్నారాయన.

"తాళమే లేదు నాయనా, చెవెక్కణ్ణుంచి తేను?"

"అయితే ఒక తాళం కొని వేయించుకోండి."

"ఎందుకు?"

"చెవి ఇవ్వడానికి."

పెద్దమ్మ చేతిలో ఉన్న గొడుగు ఒకసారి తెరిచి మూసింది. ఊచ సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి ఆమె అలా చేస్తుంది. గుమాస్తా అది వెక్కిరింపు అనుకున్నారు.

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు" అంది పెద్దమ్మ. "ఆ ముసలాయన కాలిపోతే మీకు అందరి తాళంచెవులూ కావాల్సొచ్చాయి."

"మీ మేలుకే కదమ్మా చెప్పేది."

"నా మేలు నేను చూసుకుంటాను. లోపల నేనున్నాను, గడియ తీసుకోగలను. తీసుకోలేని రోజున గొడ్డలి పట్టుకు రండి, ఏమీ అనుకోను."

గుమాస్తా గడువు పెట్టి వెళ్లారు. పెద్దమ్మ తాళం కొనలేదు.

మా పక్కింట్లో నర్సక్క ఒక్కతే ఉంటుంది. ఆమెకు రాత్రి డ్యూటీలు. చెవి ఇచ్చిన నెలకు ఒక ఉదయం ఆసుపత్రి నుంచి వచ్చి చెప్పులు విప్పకుండా మా గుమ్మంలో నిలబడింది.

"పెద్దమ్మా, పిచ్చుక మా ఇంట్లోకి వచ్చిందా?"

"ఎలా వస్తుందే, నువ్వు తాళం వేసుకుపోయావుగా."

"టీ తాగి కప్పు అలాగే పెట్టి వెళ్లాను. ఇప్పుడు కడిగి బోర్లించి ఉంది."

"ఏమైనా పోయిందా?"

"ఏమీ పోలేదు."

"దొంగ అయితే కప్పెందుకు కడుగుతాడే?"

"అదే కదా నా భయం" అంది నర్సక్క.

కప్పు బోర్లించి ఉందా అని రైటర్ గారు నన్ను మళ్లీ అడిగారు. బోర్లించి ఉంది. నేనూ వెళ్లి చూశాను. కింద తడి ఇంకా ఆరలేదు.

నర్సక్క, నేను ఈ స్టేషన్‌కే వచ్చాం. ఈ బల్ల దగ్గరే నిలబడ్డాం. "ఏం రాసుకోమంటావమ్మా, కప్పు కడిగిపెట్టారనా? మా ఇంటికి కూడా పంపించు వాళ్లను" అన్నారు ఇక్కడున్నవాళ్లు. అందరూ నవ్వారు. నర్సక్క కూడా నవ్వింది. బయటికి వచ్చాక నా చెయ్యి వదల్లేదు.

తర్వాత ఎదురింటి కళ్లజోళ్లాయన. ఆయన కళ్లజోళ్ల షాపు నడుపుతారు, భార్య పోయారు. సాయంత్రం షాపు మూసి ఇంటికి వచ్చేసరికి దిండు మంచానికి రెండో చివర ఉందట. "వయసైంది, పొద్దున్న తలేదో కాళ్లేవో నేనే మరిచిపోయి ఉంటాను" అని ఆయనే జోకు వేశారు. రెండోసారి అలాగే జరిగినప్పుడు జోకు వెయ్యలేదు. ఎప్పుడూ ఏమీ పోలేదు. ఏదైనా పోతే బాగుండునని అందరం అనుకునేవాళ్లం.

అప్పటి నుంచి నర్సక్క డ్యూటీ దిగి మా వెనక గదిలో పడుకోవడం మొదలుపెట్టింది. గడియ కొక్కేల్లో పడిన చప్పుడు వింటే గానీ కళ్లు మూతపడవని చెప్పేది. మధ్యాహ్నం షాపు మూసే వేళ కళ్లజోళ్లాయన కూడా వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవారు, కూర్చునే నిద్రపోయేవారు. పెద్దమ్మ ఎవరినీ పిలవలేదు, ఎవరినీ పొమ్మనలేదు. "ముసలిదాన్ని, నాకెలాగూ నిద్ర పట్టదు, మీరు పడుకోండి" అనేది. ఇక్కడ "గుమిగూడారు" అని రాయమని ఆఫీసర్ గారు అన్నారు. వాళ్లు గుమిగూడలేదు, నిద్రపోయారు. గుమిగూడినవాళ్లు గురకపెట్టరు. కళ్లజోళ్లాయన గురకపెట్టారు.

మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు తలుపు కొట్టారు. లోపల మేం నలుగురం ఉన్నాం. నర్సక్క, కళ్లజోళ్లాయన నిద్రలో ఉన్నారు. పెద్దమ్మ పిల్లల గొడుగుకు గుడ్డ కుడుతోంది. నేను చదువుకుంటున్నాను.

"ఎవరూ?"

"వార్డు ఆఫీసు. తలుపు తియ్యి."

"ఏం పని?"

"తీస్తే చెప్తాం."

"చెప్తే తీస్తాను" అంది పెద్దమ్మ.

తర్వాత తలుపు సందులో గడ్డపార మొన కనిపించింది. అంతకుముందు ఎవరూ ఏ కాగితమూ చూపించలేదు, చదవలేదు. తలుపు లోపలికి ఉబ్బింది. కుడివైపు కొక్కెం గోడలోంచి ఊడుతున్నట్టు సున్నం రాలింది. నేను పరుగెత్తి అక్కడ గడియను పట్టుకున్నాను. నన్ను ఎవరూ పట్టుకోమనలేదు. ఎందుకు పట్టుకున్నావని ఆఫీసర్ గారు అడిగారు. కడిగిన కప్పు గుర్తొచ్చింది. ఆ కప్పు కడిగినవాళ్లే బయట ఉన్నారనిపించింది. అవునో కాదో నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు.

నర్సక్క లేచి వచ్చి నా పక్కన చేతులు వేసింది. కళ్లజోళ్లాయన కూడా వేశారు, కళ్లజోడు పెట్టుకోకుండానే. గడ్డపార ఇంకోసారి పడింది. గడియకూ కొక్కేనికీ మధ్య నా వేళ్లు ఇరుక్కున్నాయి. నేను అరవలేదనుకున్నాను, అరిచానని తర్వాత చెప్పారు.

"ఆగండి, మీకు దణ్ణం పెడతాను ఆగండి, తీస్తున్నాను" అంది పెద్దమ్మ. వాళ్లు ఆగారు. పెద్దమ్మ గడియ ఎత్తింది. నా వేళ్లు బయటికి తీసి, వాటినే చూస్తూ తలుపు తెరిచింది. బయట వార్డు ఆఫీసు వాళ్లతో పాటు పోలీసులు కూడా ఉన్నారు. పోలీసులు తలుపు పగలగొట్టారని సందులో చెప్పుకుంటున్నారట. పగలగొట్టలేకపోయారు. తలుపు తీసింది మా పెద్దమ్మే. నా వేళ్ల కోసం తీసింది.

ఆమెను వెంటనే జీపులో ఎక్కించారు. మా తలుపుకు వాళ్లు తెచ్చిన తాళం వేశారు. నన్ను ఆసుపత్రికి, అక్కణ్ణుంచి ఇక్కడికి తెచ్చారు. అప్పటి నుంచి పెద్దమ్మను చూడలేదు. ఆమె ఎక్కడుందని అడిగాను. బాగానే ఉంది అన్నారు. ఎక్కడ అని మళ్లీ అడిగాను. బాగానే ఉంది అన్నారు.

పెద్దమ్మ మమ్మల్ని లోపల బంధించి తలుపు అడ్డగించిందని చెప్పమని ఆఫీసర్ గారు అన్నారు. వేళ్లు మెట్ల మీద పడి నలిగాయని రాయిస్తే చాలు, నా మీద కేసు ఉండదు, కాలేజీ పోదు అన్నారు. అలా చెప్పకపోతే నేను రెండో ముద్దాయిని. "నీకెందుకమ్మా ఈ గొడవ, చదువుకునే పిల్లవి" అని కూడా అన్నారు. మంచిగానే అన్నారు. మా ఇంటి తాళంచెవులు రెండూ బల్ల మీద నా ఎదురుగా పెట్టారు. సరిగ్గా చెబితే ఒకటి నాకు, మారుది వార్డు ఆఫీసుకు.

నాకు భయంగా ఉంది. ఈ మాట కూడా రాయమన్నాను. భయంగా ఉంది కాబట్టే వేరేలా చెప్పలేకపోతున్నాను. ఒకసారి వాళ్ల మాట చెబితే ఇక ప్రతిసారీ ఏం చెప్పాలో వాళ్లనే అడగాలి. మా పెద్దమ్మ మమ్మల్ని బంధించలేదు. ఆ గడియ మా చేతికి అందేంత దూరంలో ఉంది. దాని మీద ఉన్న చేతుల్లో ఒకటి నాది. నా వేళ్లు మెట్ల మీద నలగలేదు. మా ఇంటికి మెట్లు లేవు.

ఆఫీసర్ గారు ఫోను మాట్లాడటానికి బయటికి వెళ్లినప్పుడు రైటర్ గారు అడగగా చెబుతున్నాను. అడ్డగడియ టేకుది. పొడవు తలుపు కంటే రెండువైపులా జానెడు ఎక్కువ ఉండాలి. కొక్కేలు గోడలోకి లోతుగా దింపాలి, మాది ఒకవైపు లోతు చాలలేదు. ఇది కేసు కోసమా అని అడిగాను. కాదని తల ఊపారు.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినదే రాశారు, చెప్పనిది కలపలేదు. చదువు వచ్చినదాన్నే, సంతకం పెట్టగలను. చెయ్యి పనిచేయడం లేదు కాబట్టి ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను. బల్ల మీద ఉన్న చెవి నేను తీసుకోవడం లేదు. దానికి జత ఉంది.

(ఎడమ బొటనవేలి ముద్ర)