సంతకం పెట్టని ఏడు నెలలు

"మామ్మా, తాతయ్యకి లాటరీ తగిలి ఈ నర్సరీ కొన్నారంట కదా? బస్టాండు దగ్గర ఎవరో అంటున్నారు."

ఎవరే అన్నది? సర్లే, అననీ. లాటరీ తగిలిన మాట నిజమే, కాదనను. రెండు వేలు. ఒక్కసారి. దానికి ముందు ఎనిమిదేళ్ళపాటు వారానికి రెండు టిక్కెట్లు కొన్నారు మీ తాతయ్య, టిక్కెట్టు ఐదు రూపాయలు. నేను తర్వాత లెక్కేసి చూస్తే నాలుగు వేలు దాటిపోయింది. తగిలింది చెప్తారు గానీ పోయింది ఎవరూ చెప్పరు కదమ్మా. కూర్చో, ఆ కవర్లు పక్కకి జరుపు.

అప్పట్లో మేం కడియం నర్సరీల్లో కూలికెళ్ళేవాళ్ళం. మీ తాతయ్య మామిడి అంట్లు కట్టేవారు, చెయ్యి మంచిదని పేరు. రోజుకి నలభై రూపాయలు. నాకు పాతిక... కాదు, మొదట్లో ఇరవయ్యే, పాతిక తర్వాత ఇచ్చేరు. నేను కవర్లలో మట్టి నింపేదాన్ని. మీ నాన్న అప్పటికి హైస్కూల్లో ఉన్నాడు. పొద్దుటి పూట కూలి, సాయంత్రం మేం కౌలుకి తీసుకున్న పాతిక సెంట్లలో మా సొంత మొక్కలు. అలా పదేళ్ళు కూడబెడితే నలభై వేలు అయ్యేయి. ఆ కౌలు చేను రైతు అమ్ముతానన్నారు, ఎనభై వేలు చెప్పేరు. ఇంకా సగం కావాలి. అదండీ మా పరిస్థితి. చూడు, నీకూ అండీ అనేస్తున్నా, అలవాటు.

అదే టైములో సూర్యం వచ్చేడు. మీ తాతయ్య చిన్నమ్మ కొడుకు, నాకు మరిది అవుతాడు. రాజమండ్రిలో ఏదో ఫైనాన్స్ కంపెనీ పెట్టేరు, అందులో ఏజెంటుగా చేరేడు. నూటికి నెలకి నాలుగు రూపాయలు వడ్డీ అన్నాడు. నలభై వేలకి నెలకి పదహారు వందలు! మీ తాతయ్య ఒక్కరోజు కూడా మానకుండా నెలంతా వంగి అంట్లు కడితే పన్నెండు వందలు వచ్చేయి. మరి ఆయనకి ఆశ పుట్టదా చెప్పు? రెండేళ్ళలో ఎనభై వేలు అయిపోతాయి, చేను మనదే అన్నారు. నా చెయ్యి మంచిది సత్యవతీ, లాటరీ తగిలిన చెయ్యి అన్నారు.

నాకూ ఆశ పుట్టింది. అబద్ధం ఎందుకు.

కానీ ఏమైందంటే, పద్మావతి టీచర్ గారని, ఆదివారం ఆదివారం గులాబీ మొక్కలకి వచ్చేవారు. ఆవిడకి మొక్కల పిచ్చి. నేను ఐదో తరగతితో ఆపేసేనని తెలిసి, మొక్కకి ఎంత ఖర్చు, ఎన్ని చచ్చిపోతాయి, చివరికి ఎంత మిగులుతుంది, ఇవన్నీ కాయితం మీద రాయడం నేర్పేరు. నూటికి ఇంత అంటే ఏంటో, వడ్డీ మీద వడ్డీ ఎలా పెరుగుతుందో ఆవిడే చెప్పేరు. పోస్టాఫీసు పుస్తకం కూడా ఆవిడ మాట మీదే ఇద్దరి పేరునా తెరిచేం, ఇద్దరి సంతకాలూ ఉంటేనే డబ్బు బయటికి వచ్చేట్టు.

ఆవిడకి చెప్పేను. ఆవిడ వద్దనలేదు, పెట్టమనీ అనలేదు. "ఆ నాలుగు రూపాయలు వాళ్ళకి ఎక్కణ్ణించి వస్తాయో అడుగు సత్యవతీ. జవాబు నీకు నచ్చితే పెట్టు" అన్నారు, అంతే.

ఇంటికొచ్చి కాయితం మీద లెక్క వేసేను. ఊళ్ళో అప్పు కావాలంటే నూటికి రెండు రూపాయలకి దొరుకుతుంది. మాకు నాలుగిచ్చి ఆ కంపెనీ కూడా మిగుల్చుకోవాలంటే ఎవరికో ఆరుకి ఇవ్వాలి. రెండుకి దొరికేది ఆరుకి ఎవరు తీసుకుంటారమ్మా? తీర్చేవాడు తీసుకోడు. రాత్రీ పగలూ చాకిరీ చేసినా నర్సరీలోనే అంత మిగలదు, వాళ్ళకెలా మిగులుతుంది?

సూర్యం ఫారాలు పట్టుకొచ్చేడు. టీ ఇచ్చి అడిగేను. "సూర్యం, మీ కంపెనీ ఏం వ్యాపారం చేస్తుంది?"

"చాలా ఉన్నాయి వదినా."

"ఒక్కటి చెప్పు."

వాడు టీ గ్లాసు పక్కన పెట్టి ఫారాలు నా ముందుకి జరిపేడు. నెలనెలా డబ్బు చేతికొస్తుంటే ఆ గొడవలు మనకెందుకన్నాడు. నేను సంతకం పెట్టనన్నాను.

మీ తాతయ్యకి తల కొట్టేసినట్టైంది, తమ్ముడి ముందు. ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. అది పర్లేదు, ఓర్చుకున్నాను. ఆ తర్వాత ఏడు నెలలు చూడు, అవీ కష్టం. ఎందుకంటే కంపెనీ వాళ్ళు నిజంగానే ఇచ్చేరు! ఒకటో తారీఖు వచ్చేసరికి అందరికీ ఠంచనుగా వడ్డీ. మా పక్కింటావిడ చెవులకి కొత్త దిద్దులు చేయించుకుంది, పాలకొల్లు వెళ్ళి మరీ. నీళ్ళ దగ్గర నన్ను చూసి నవ్వేవాళ్ళు, లెక్కల మాస్టారమ్మ వస్తోందని. మీ తాతయ్య ఏం అనేవారు కాదు గానీ, కూలి నుంచి వచ్చి నడుం పట్టుకుని కూర్చుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. నేనే తప్పు చేశానేమో, మొగుడి కష్టం తగ్గే దారి మూసేసేనేమో అని. ఆ కాయితం తీసి మళ్ళీ మళ్ళీ వేసేదాన్ని. ఎన్నిసార్లు వేసినా అదే లెక్క వచ్చేది.

ఎనిమిదో నెలలో వడ్డీ రాలేదు. మీ తాతయ్య రాజమండ్రి వెళ్ళి చూసొచ్చేరు. షట్టరు దింపేసుంది, రోడ్డు మీద జనం. సూర్యం ఆ మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాడట. వాడు మోసగాడు కాదమ్మా, వాడి భార్య నగలమ్మి ఆ డబ్బూ అందులోనే పెట్టేడు. వాడికీ తెలీదు.

మీ తాతయ్య ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, నేను మట్టి నింపుతుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఓ కవరు తీసుకుని తనూ మట్టి నింపడం మొదలెట్టేరు. నాకైతే గుండెల మీంచి బండ దింపినట్టుంది, ఊరంతా ఏడుస్తుంటే నాకు అలా ఉందేంటని సిగ్గూ వేసింది.

"ఆ లెక్క ఎలా వేసేవో నాకూ చెప్పు" అన్నారు.

అంతే. అంతకంటే ఏం కావాలే నాకు?

పుల్లతో ఆ మట్టి మీదే రాసి చెప్పేను. టిక్కెట్లు ఆ వారమే మానేసేరు. నలభై వేలూ పోస్టాఫీసు పత్రాల్లో వేసేం, ఐదేళ్ళు దాటేక రెట్టింపయ్యేయి. చేను ధర అప్పటికి పెరిగిపోయింది, నిజమే. కానీ ఈసారి తక్కువైన డబ్బుకి అప్పు కోసం బ్యాంకుకి వెళ్ళేం. మొక్కల మీద ఏడాదికి ఎంత మిగులుతోందో, వాయిదా ఎంత కట్టగలమో కాయితం మీద రాసి తీసుకెళ్తే మేనేజరు గారు చదివి కుర్చీ వేయించేరు. అలా మొదట ఆ పాతిక సెంట్లు కొన్నాం. ఆ వాయిదా తీరేక ఇంకో అర ఎకరం. ఒక్క వాయిదా కూడా తప్పలేదు. లారీల వాళ్ళు మన గేటు ముందు ఆగడం మొదలెట్టేరు. సూర్యాన్నీ మనతోనే పెట్టుకున్నారు మీ తాతయ్య, లోడింగు వాడే చూసేవాడు. చివరి రోజుల దాకా మీ తాతయ్య కొత్త కూలీలు వస్తే కూర్చోబెట్టి వడ్డీ లెక్క చెప్పేవారు, వాళ్ళు ఆవులిస్తున్నా వదిలేవారు కాదు.

నీకిప్పుడు ఉద్యోగం వచ్చింది. ఆఫీసులో, ఫోన్లో, చుట్టాల్లో, అందరూ నీకు ఏదో ఒకటి చెప్తారు. తెలీకపోతే అడుగు తల్లీ. వాళ్ళు నవ్వితే నవ్వనీ, ఇంకోసారి అడుగు... నీ కష్టం నీకే దక్కాలి, నిశ్చింతగా నిద్రపోవాలి నువ్వు, నిండు నూరేళ్ళూ... ఇంకేం చెప్పను, చల్లగా ఉండమ్మా.