థాంక్స్ చెప్పని బుధవారాలు

ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వు మోరాగ్. నా కళ్ళజోడెక్కడ... ఆఁ, ముక్కు మీదే ఉంది. "సరస్సు పక్కగా సముద్రపు ఒడ్డు దాకా. రెండున్నర మైళ్ళు. సులువైన నడక. పిల్లలూ పెద్దవాళ్ళూ హాయిగా వెళ్ళొచ్చు." బాగానే రాశారమ్మా మీ టూరిస్టు కమిటీ వాళ్ళు. అబద్ధమేం లేదు. ఎత్తు లేదు, పల్లం లేదు, బురద కూడా రెండు చోట్లే. కానీ అడిగావు కాబట్టి చెప్తా, ఆ దారి ఊరికే అక్కడ పడి లేదు. దాన్ని నిలబెట్టింది మార్సలీ. మార్సలీ మెక్‌ఫెయిల్. నువ్వు పుట్టకముందే పోయిందిలే. పొట్టి మనిషి, నా భుజం దాకా కూడా రాదు. మగాడి బూట్లు వేసుకునేది. మొగుడివే, అతను పడవతో సహా మునిగిపోయాక గట్టి బూట్లు పారేయడమెందుకని, ముందువైపు ఉన్ని గుడ్డలు కుక్కి తొడుక్కునేది. శవం దొరకలేదు, బూట్లు ఇంట్లో మిగిలాయి. మా అమ్మకి ప్రాణ స్నేహితురాలు, నేను పిన్నీ అనేవాణ్ణి. నీ టీ చల్లారిపోతోంది, తాగు. ఆ వోట్ల రొట్టె కూడా తీసుకో, మీ బామ్మ చేసినంత గట్టిగా లేదులే, పళ్ళు ఊడవు.

ఏం చెప్తున్నా? ఆఁ, దారి. మన ఊళ్ళో చచ్చినవాళ్ళంతా ఆ దారినే వెళ్ళేవాళ్ళు. సముద్రం ఒడ్డున ఉంది చూడు, కిల్‌వెన్నాన్ సమాధుల తోట, అక్కడికి. బండి లేదు, గుర్రం లేదు, చేతుల మీదే. శవపెట్టెకి అటు నలుగురు, ఇటు నలుగురు. ఇన్ని అడుగులని లెక్క, ముందున్న ఇద్దరూ పక్కకి తప్పుకుంటారు, వెనక ఇద్దరు కొత్తవాళ్ళు చేరతారు, పెట్టె మాత్రం ఆగదు. ఊళ్ళో ప్రతి మగాడి చెయ్యీ దాని మీద పడాలి, లేకపోతే ఆ ఇంటివాళ్ళు ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారు. మా పెదనాన్న చెయ్యి వెయ్యలేదని మా మేనమామ పదిహేనేళ్ళు అతనితో గొర్రెల ఉన్ని కత్తిరించలేదు, పాపం పెదనాన్నకి ఆ రోజు జ్వరం. ఆడవాళ్ళు వెళ్ళేవాళ్ళు కాదు. గుమ్మం దాకానే. అది గుర్తుంచుకో, పనికొస్తుంది.

తర్వాత కొత్త దొర ఎస్టేటు కొన్నాడు. దొర వచ్చేది ఏడాదికి రెండు వారాలు, చేపలు పట్టుకోడానికి. మిగతా యాభై వారాలూ మేనేజరు పెటిగ్రూ రాజ్యం. అతను చెడ్డవాడని అనుకునేవు, కాదు. ఏనాడూ గొంతు పెంచలేదు. టోపీ తీసి మాట్లాడేవాడు. అదే వచ్చిన చిక్కు. సరస్సు మొదట్లో దారికి అడ్డంగా రాతిగోడ ఉంది కదా, దాని సందులో గేటు పెట్టించాడు, తాళం వేయించాడు. చేపలు బెదురుతున్నాయట మనుషుల అలికిడికి. "అంత్యక్రియలకి మాత్రం ఎప్పుడు అడిగితే అప్పుడు తాళం ఇస్తామండీ, ఎస్టేటు ఎప్పుడూ అనుమతిస్తుంది" అన్నాడు. ఊరంతా తల ఊపింది. చర్చి సంఘపెద్ద టోర్కిల్ అయితే, ఎంత మంచి మనిషో అన్నాడు కూడా. మార్సలీ ఒక్కతే అడిగింది, అనుమతేమిటీ అని.

అడిగి ఊరుకుందా, స్టీమరెక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళి ఒక వకీలుని పట్టుకుంది. ఒక జత కోళ్ళు పట్టుకెళ్ళిందని చెప్పేవాళ్ళు, అది నిజమో కాదో. ఆ వకీలు ఏం చెప్పాడంటే, అమ్మా, ఇరవై ఏళ్ళ పాటు జనం ఒక దారిలో నడిచారని, ఎవరినీ అడక్కుండా నడిచారని చూపించగలిగితే అది జనం దారే, దొర కూడా మూయలేడు. కానీ ఒక్కసారి అనుమతి పుచ్చుకుని నడిచారో, అప్పుడది దయ. దయ ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. వెనకటివన్నీ మా అనుమతితోనే జరిగాయని ఎస్టేటు అనొచ్చు, కాదని సాక్ష్యం చెప్పగల పెద్దవాళ్ళంతా సమాధుల్లో ఉన్నారు కాబట్టి, మొదటి నుంచీ మీరే నడవండి అన్నాడు.

నడిచింది. ప్రతి బుధవారం. ఆదివారం ఎటూ కుదరదు, ప్రార్థనకి తప్ప గుమ్మం దాటితే పాపం. సోమవారం బట్టలుతుకు. బుధవారం ఖాళీ. ఒక్కతే వెళ్తే సాక్ష్యం ఉండదని వారానికొకర్ని పట్టుకుపోయేది. బడిపిల్లల్ని, పాస్టరు గారి భార్యని, గొడ్ల డాక్టరుని, ఒకసారి అయితే రేడియో బాగుచెయ్యడానికి వచ్చినవాణ్ణి, పాపం పట్నం చెప్పులతో. మా అమ్మ పదకొండేళ్ళు వెళ్ళింది. వర్షంలో, మంచులో, జూన్ నెల్లో ఆ పాడు దోమలు చెవుల్లో దూరుతుంటే కూడా. గోడెక్కి దిగడమే. ఆమె నియమాలు వింటే నవ్వొస్తుంది నీకు. "పెటిగ్రూ ఎదురైతే నవ్వండి. వాతావరణం గురించి మాట్లాడండి. కుక్క బావుందని చెప్పండి. థాంక్స్ మాత్రం చెప్పొద్దు. అతను ఏది ఇచ్చినా తీసుకోవద్దు." మన వాళ్ళకి అది ఎంత కష్టమో నీకు తెలీదా. తలుపు మొహాన వేసినవాడిక్కూడా థాంక్స్ చెప్పే జాతి మనది. టోర్కిల్ ఓసారి నోరుజారి థాంక్స్ అనేశాడని, దేనికి చెప్పావో ఇప్పుడే అతనికి విడమరిచి చెప్పమని వెనక్కి పంపింది. పాపం ఆయన అరమైలు వెనక్కి వెళ్ళి, "నేను చెప్పింది మీ కుక్క నా మడమ కరవనందుకు" అని చెప్పొచ్చాడు.

ఏమిటీ? ఇప్పుడు చట్టం మారింది, ఎక్కడైనా నడవొచ్చు, కాబట్టి ఆ ఇరవై ఏళ్ళూ వృథానా? మీ కాలేజీ వాదన నా దగ్గరా. అలాగే అనుకుందాం. ఆ చట్టం ఎప్పుడొచ్చింది? అంతవరకూ చచ్చినవాళ్ళు ఎక్కడ ఎదురుచూడాలి, మంచులోనా? మధ్యలో అడ్డుపడకు, అసలు సంగతి ఇప్పుడొస్తుంది. నా తప్పు.

ఆ నడక మొదలైన పద్దెనిమిదో ఏడు, ఫిబ్రవరిలో మా అమ్మ పోయింది. మూడో రోజు పొద్దున్నే పెటిగ్రూ మా గుమ్మంలో నిలబడ్డాడు, వానలో, టోపీ చేత్తో పట్టుకుని. అమ్మ గురించి మంచి మాటలు నాలుగు చెప్పాడు. నిజంగానే చెప్పాడు, నటన కాదు. తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "ఆఫీసు రివాజు, ఇక్కడొక సంతకం" అన్నాడు. ఏడుపు మొహంతో ఉన్నాను, ఇంటికొచ్చి పలకరించిన మనిషి. పెట్టాను. థాంక్స్ కూడా చెప్పాను. చెప్పానమ్మా, ఇదే నోటితో.

పెట్టె లేచింది. నలభైమందిమి. నేను తలవైపు. గేటు దగ్గరికొచ్చేసరికి గోడ మీద కూచుని ఉంది మార్సలీ, నల్లబట్టలు, మొగుడి బూట్లు. ఆడది అంత్యక్రియల్లో. టోర్కిల్ మొహం జేవురించింది. ఇంటికెళ్ళు, సిగ్గులేదా అన్నాడు. ఆమె అతని వైపు చూడను కూడా లేదు.

"లాకీ, నీ జేబులో ఏముంది?"

తీసి చూపించాను. అంతమందిలో.

"పదకొండేళ్ళు మీ అమ్మ ఈ గోడెక్కింది. ఎవరినడిగి ఎక్కింది?"

పెట్టె ఆగకూడదు, ఆగిపోయింది. వాన పెట్టె మీద టకటకా పడుతోంది. పిన్నీ, ఈ ఒక్కరోజుకీ వదిలెయ్, అమ్మని ఇలా నిలబెట్టకు అన్నాను. ఈ ఒక్కరోజే కావాలి అతనికి అంది. ఇవాళ గేటులోంచి వెళ్తే మీ అమ్మే పోయి అతని పక్క సాక్ష్యం చెప్పినట్టు అంది. టోర్కిల్ ఇంకేదో అనబోయాడు. "నన్ను ఆదివారం గుళ్ళో అందరి ముందూ నిలబెట్టి తిట్టండి, వస్తాను. ఇప్పుడు చేతులు పెట్టండి" అంది.

నాకు ఆవిడ మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. తర్వాత చూశాను, ఆ గోడ మీద రెండు రాళ్ళు నున్నగా అరిగిపోయి ఉన్నాయి, చెయ్యి వేసే చోటొకటి, మోకాలు ఆనే చోటొకటి. అమ్మ చెయ్యి కూడా పడింది కదా ఆ రాయి మీద. ఎత్తండి అన్నాను. ఇరవైమంది ఇటు, ఇరవైమంది అటు. మొదట అవతలికి దూకినవాడు టోర్కిల్, డెబ్భై ఏళ్ళ మనిషి, కోటు చింపుకున్నాడు. మా అమ్మ మా తలల మీదుగా గోడ దాటింది. పెట్టె ఇంచి కూడా ఒరగలేదు.

మర్నాడు తాళంచెవి అతని బల్ల మీద పెట్టి, నా సంతకం కాగితం ఇచ్చెయ్యమన్నాను. ఫైల్లో చేరిపోయిందండీ అన్నాడు, బాధగానే. రెండేళ్ళ తర్వాత, ఇరవై నిండి మార్సలీ కేసు వేశాక, కోర్టులో ఆ కాగితమే బయటికొచ్చింది. వాళ్ళ వకీలు దాన్ని గాల్లో ఊపుతూ, ఇది మీ సంతకమేనా అని. నాదే. తాళంచెవి అనుమతే కదా? అనుమతే. అప్పుడు జడ్జీ తల ఎత్తి, గేటు తెరిచారా అని అడిగాడు. లేదండి. మరి పెట్టె ఎలా వెళ్ళింది? గోడ మీంచి అన్నాను. ఎందుకని అడిగాడు. మా అమ్మ ఎవరినీ అడగదండీ అన్నాను. తర్వాత టోర్కిల్ బోనెక్కాడు, గోడ మీంచే అన్నాడు. తర్వాత పోస్టుమాన్, గోడ మీంచి. పదమూడో వాడి దగ్గర జడ్జీ, చాలు అన్నాడు. గేటు ఆ నెలలోనే పీకేశారు.

ఆ పై బుధవారం మార్సలీ ఇంటికెళ్ళాను, పద పిన్నీ, ఈసారి దర్జాగా వెళ్దాం అని. కూచుని బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. నేను రాను అంది. నా మోకాళ్ళు పోయాయి, ఆ సరస్సు చూసి చూసి విసుగొచ్చింది, నడకంటే నాకెప్పుడూ ఇష్టం లేదు అంది. ఆవిడ వాళ్ళెవరూ లేరు ఆ సమాధుల తోటలో. ఒక్కరు కూడా. మరి ఎందుకు నడిచావు ఇన్నేళ్ళూ అన్నాను. కత్తి పక్కన పెట్టి ఆలోచించింది. "గేటు పెట్టిన వారం నేను ఊరికే అటు వెళ్తున్నా. అతను కారాపి, ఎంతో మర్యాదగా, ఎక్కడికమ్మా అని అడిగాడు. నేను చెప్పేశాను. ఇంటికొచ్చాక నిద్రపట్టలేదు, ఎందుకు చెప్పానా అని."

అంతే అంది. మళ్ళీ దుంపలు. నేనొక్కణ్ణే బయల్దేరాను. సరస్సు మలుపు దగ్గర కారు శబ్దం. పెటిగ్రూ. అద్దం దించాడు. జుట్టు నెరిసిపోయింది పాపం. "చలిగా ఉంది లాకీ. ఎక్కడికి?" అన్నాడు.

నవ్వాను. కుక్క బావుందన్నాను. నడుచుకుంటూ వెళ్ళిపోయాను.

...

ఆ కిటికీ వెయ్యమ్మా, జల్లు లోపలికి కొడుతోంది.