జానకమ్మగారి రెండు తలుపులు

అమ్మలారా, అయ్యలారా, కిచెనర్‌లో ఉన్న మనవాళ్ళందరికీ, గ్వెల్ఫ్ నుంచి, స్కార్‌బరో నుంచి ఈ మంచులో డ్రైవ్ చేసుకుంటూ వచ్చినవాళ్ళకీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న విద్యా, తల్లీ, నీకు వేరుగా ఒక నమస్కారం.

జానకమ్మగారు పోయారు. ఈ మాట ఇన్నిరోజులూ ఫోన్లలో అనుకున్నాం, మెసేజీల్లో పెట్టుకున్నాం. అందరం ఒక్కచోట కూర్చుని అనుకోవడం మాత్రం ఇదే మొదటిసారి. అందుకని ఇంకోసారి అంటున్నాను. జానకమ్మగారు పోయారు.

నేను పాస్టర్ని కాను. గ్వెల్ఫ్‌లో కారు విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, టీ బ్రేకుల్లో లేఖనం చదువుకుని, చదివింది నలుగురికీ అరిచి చెప్పడం మొదలుపెట్టినవాణ్ణి. ఆమె పొద్దున్నే పూజగదిలో దీపం పెట్టుకునే మనిషి. మరి ఆమె సంతాప సభలో నేనెందుకు నిలబడ్డాను? విద్య అడిగింది. "మీ గొంతు మీద అమ్మ ఎన్ని జోకులేసేదో అంకుల్, మీరే మాట్లాడాలి" అంది. నిజమే. నేను వాళ్ళింటికి వెళ్తే గుమ్మంలోనే ఆపి, "ప్రసంగం తరవాత నాయనా, ముందు ఆ బూట్లు విప్పు" అనేవారు. నీకు మైకు దండగ, పక్క వీధిదాకా వినపడతావు అనేవారు. ఇవాళ మైకు చేతిలో ఉంది. దండగ అనడానికి ఆమె లేరు.

ఆమెను చూడనివాళ్ళు కూడా ఇక్కడ కొందరున్నారు. వాళ్ళకోసం చెప్తాను. జానకమ్మగారు కాకినాడ నుంచి వచ్చి, ఇక్కడ ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఆమెది రెండు వీధుల మూలమీది ఇల్లు. ముందు తలుపు ఒక వీధిలోకి, వంటింటి వెనక తలుపు పెరటి గేటు దాటి పక్క వీధిలోకి. ప్రతి శుక్రవారం సాయంత్రం, విడిపోయిన తల్లిదండ్రులు తమ పిల్లల్ని ఆ ఇంటికి తెచ్చేవారు. ఒకరు ముందు తలుపు దగ్గర దింపుతారు. ఇంకొకరు వెనక తలుపు దగ్గర కాచుకుంటారు. ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. పిల్ల లోపలికొచ్చి, బూట్లు విప్పి, వంటింట్లో కూర్చుని, దానిమ్మ గింజలు వేసిన పెరుగన్నం తిని, వెనక తలుపులోంచి వెళ్ళిపోతుంది.

అంతే. ఆమె చేసిందంతా అంతే. కానీ ప్రియులారా, ఆ పని చేయడానికి ఈ ఊళ్ళో ఇంకొక్క ఇల్లు దొరికిందా?

ఆమె ఎందుకు చేసేవారో నాతో ఒకసారి చెప్పారు. విద్య అనుమతితోనే ఇది మీకు చెప్తున్నాను. విద్య చిన్నప్పుడే జానకమ్మగారూ, ఆమె భర్తా విడిపోయారు. ఆమె ఇక్కడ, ఆయన స్కార్‌బరోలో. దారి మధ్యలో పడుతుందని ఒక పెట్రోల్ బంకు వెనక పార్కింగ్ లాట్‌లో పిల్లను అప్పగించుకునేవారు. ఈ కారు ఒక చివర, ఆ కారు ఇంకో చివర. మధ్యలో బ్యాగు తగిలించుకుని విద్య నడిచేది. ఒక చలికాలం ఆ నడకలోనే పిల్ల బూటు మంచులో కూరుకుపోయి ఊడిపోయింది. పిల్ల ఆగి అటు చూసింది, ఇటు చూసింది. దిగితే ఎదురుపడాలి, ఎదురుపడితే గొడవ. ఆ భయంతో ఇద్దరూ దిగలేదు. పిల్ల ఒంటికాలి మీద నిలబడి, బూటు లాక్కుని, తనే తొడుక్కుని, నడిచి వెళ్ళిపోయింది.

జానకమ్మగారు నాతో అన్న మాట ఇది. "అమ్మా నాన్నా ఇద్దరూ ఎదురుగా ఉండగా, అంత ఒంటరి పిల్లను నేనెక్కడా చూడలేదు."

విద్యకు అది గుర్తే లేదట. తల్లి మరిచిపోయిందే లేదు.

సృష్టి చేస్తూ ప్రతిదాన్నీ చూసి బాగుంది, బాగుంది అనుకున్న దేవుడు, బాగోలేదని మొట్టమొదట దేన్ని చూసి అన్నాడు? పాపాన్ని చూసి కాదు. పాము ఇంకా రానేలేదు. మనిషి ఒక్కడే ఉండటం చూసి అన్నాడు. ఒంటరితనం పాపం కంటే ముందే వచ్చింది, ప్రియులారా!

దేవుడు జతచేసినవాళ్ళను విడదీయకూడదన్న వాక్యం ఉంది. దాన్ని దాచను, మెత్తగా చేసి చెప్పను. కానీ విడిపోయినవాళ్ళ మీద రాయిలాగా విసరమని ఆ వాక్యం మన చేతికివ్వలేదు! ఈ దేశపు చట్టం ఏమంటుంది? ఏడాదిపాటు విడిగా బతికితే చాలు, తప్పు ఎవరిదో నిరూపించక్కర్లేదు, విడాకులు ఇస్తానంటుంది. మనమో? ఆ ఏడాది పొడుగునా తప్పు ఎవరిదో తేల్చే పనిలోనే ఉంటాం. ఆవిడ ఉద్యోగమా, ఆయన కోపమా, వాళ్ళ అత్తగారా? పెళ్ళి ఇండియాలో అయింది కాబట్టి విడాకులకు ఇండియానే వెళ్ళాలని ఒకరు భయపెడతారు. ఈ ప్రావిన్సులో ఇద్దరిలో ఒకరు ఏడాదిగా ఉంటున్నా ఇక్కడి కోర్టులోనే వేసుకోవచ్చని ఎవరూ చెప్పరు. ఇద్దరూ ఒకే లాయర్ దగ్గరికి పొండి, మనవాడే, కలిపి చూస్తాడు అని ఇంకొకరి సలహా. జానకమ్మగారిని అడిగితే ఒకటే అనేవారు. "నాకు చట్టం తెలీదమ్మా. నువ్వో లాయర్ని చూసుకో, అతను వేరే లాయర్ని చూసుకుంటాడు. అన్నం మాత్రం నేను పెడతా."

ఒక శుక్రవారం సంగతి చెప్తాను. మన సంఘ పెద్దలు కొందరు... పేర్లు చెప్పను, అప్పుడే తలలు వంచుకున్నారు. ఆ రోజు ఒక జంట పెళ్ళిరోజు. ఇద్దరూ విడిపోయి ఉన్నారు. ఎదురుపడకూడదని కోర్టు ఆర్డరు కూడా ఉంది. మన పెద్దలకు ఒక ఆలోచన వచ్చింది. బాబును అప్పగించే వేళకు జానకమ్మగారింట్లో కాచుకుని, ఇద్దర్నీ హాల్లోకి లాక్కొచ్చి, కేకు కోయించి కలిపేద్దామని! కేకు మీద ఇద్దరి పేర్లూ రాయించారు. మధ్యలో హృదయం బొమ్మ కూడా.

జానకమ్మగారు తలుపు సగమే తీశారట. "కేకు లోపలికి రావచ్చు. మీరు రావడానికి లేదు" అన్నారట.

నవ్వండి, పరవాలేదు. ఆమె నవ్వలేదు. "వాడు నా ఇంట్లో ఉండేది నాలుగు ముద్దలు తినేంతసేపు. అప్పుడు కూడా వాడి ముందు మీ పంచాయితీ పెడతారా?" అని అడిగారట. ఆ తండ్రి ఆ హాల్లోకి అడుగుపెట్టి ఉంటే ఏమయ్యేది? ఆర్డరు తప్పినవాడయ్యేవాడు. పోలీసులు, మళ్ళీ జడ్జి ముందుకు. తన శుక్రవారాలు పోగొట్టుకున్నా పోగొట్టుకునేవాడు. మనం చేసే మేలు ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఒక్కసారైనా ఆలోచిస్తామా?

ఆ సాయంత్రం బాబు కేకు తిన్నాడు. పేర్లున్న భాగం ఆమె ముందే కోసి తీసేశారు.

ఇంకొకటి. పిల్లను పంపించేసిన తల్లో, తండ్రో, వాళ్ళను వెంటనే వెళ్ళనిచ్చేవారు కాదు. రెండోవాళ్ళ కారు కదిలేదాకా ఉండాలని ఇంటి నియమం. గొడవలు రాకూడదని పెట్టిన నియమమని మనం అనుకున్నాం. కానీ ఖాళీ కారు సీటు వైపు చూసుకుంటూ ఎవరూ ఒక్కరే ఇంటికి పోకూడదని ఆమె కాఫీ పెట్టేవారు. అలా ఒక కుర్రాడు, ఇక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మొదటి శుక్రవారం వంటింటి బల్ల దగ్గర కూర్చుని "కస్టడీ ఓడిపోయానాంటీ" అని ఏడ్చాడట. "ఓడిపోవడానికి అదేమన్నా క్రికెట్టా? ఆ మాట ఇక్కడి చట్టంలోంచే తీసేశారట కదా. నీకిచ్చినదాన్ని పేరెంటింగ్ టైమ్ అంటున్నారు. కాపురం చేస్తున్న మగాళ్ళలో పిల్లలకు టైమిచ్చేవాళ్ళు ఎంతమంది? నువ్వు ఇవ్వు" అన్నారట.

అందరికీ కాఫీ ఇచ్చి పంపాక, ఆ కప్పులు కడుక్కునేటప్పుడు ఆమె దగ్గర ఎవరున్నారు? ఆమె వెళ్ళిపోయేదాకా తోడుగా ఎవరు కూర్చున్నారు?

పోయిన శుక్రవారం. ఒక తల్లి తన పాపను తీసుకుని ముందు తలుపు దగ్గర బెల్లు కొట్టింది. మామూలుగా మోత ఆగేలోపే తలుపు తెరుచుకుంటుంది. తెరుచుకోలేదు. వెనక తలుపు దగ్గర తండ్రి నిలబడి ఉన్నాడు. అద్దంలోంచి చూస్తే వంటింట్లో లైటు వెలుగుతోంది. గిన్నెలో వలిచిన దానిమ్మ గింజలున్నాయి. మనిషి లేదు. తట్టాడు. పిలిచాడు. చివరికి ఇంటి పక్కగా, ఎవరూ నడవని మంచులోంచి ముందుకు రాబోయాడు. అటునుంచి ఆ తల్లి పాపను పట్టుకుని వెనక్కి వస్తోంది. విడిపోయాక వాళ్ళిద్దరూ ఎదురుపడటం అదే మొదటిసారి. పాప తండ్రిని చూసి అంది, "డాడీ, బోత్ డోర్స్ ఆర్ లాక్డ్."

ప్రియులారా, రెండు తలుపులూ మూసి ఉన్నాయని ఒక పాప చెప్తోంది. మీకు వినపడుతోందా?

ఆయనే పోలీసులకు ఫోన్ చేశాడు. వాళ్ళు వచ్చి తలుపు పగలగొట్టారు. ఆమె హాల్లో పడి ఉన్నారు. గుండె ఆగి, మధ్యాహ్నమే పోయారన్నారు. చలికి ఆగలేరని తల్లినీ పాపనూ తన కారులో కూర్చోబెట్టి, హీటర్ వేసి, ఆయన మాత్రం బయటే నిలబడ్డాడు. వాళ్ళు కలిసిపోయారని చెప్పి మీతో ఆమెన్ అనిపించడానికి ఇది చెప్పడం లేదు. కలవలేదు. కేసు నడుస్తోంది. వాళ్ళిద్దర్నీ విడివిడిగా అడిగి, ఒప్పుకుంటేనే చెప్తున్నాను. వాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. తిరిగి చూడకండి.

ఒక రాజు ముందుకు ఇద్దరు స్త్రీలు ఒక బిడ్డ కోసం వచ్చిన కథ మీకు తెలుసు. బిడ్డను చెరిసగం చేసిస్తానని రాజు కత్తి తెమ్మన్నాడు. రాజు తెలివిని పొగుడుతాం, తల్లి ప్రేమను పొగుడుతాం. ఆ కత్తి కింద ఉన్న బిడ్డకు ఎలా ఉందో ఏ ప్రసంగంలోనైనా విన్నారా?

ఆ పాపను అప్పగించుకునే చోటు అని కోర్టు ఆర్డరులో జానకమ్మగారి ఇల్లే రాసి ఉంది. ఇప్పుడు ఇద్దరూ ఒప్పుకుని వేరే చోటు రాసుకోవాలి. వేరే చోటు ఏదీ? ఏదీ దొరక్కపోతే పోలీస్ స్టేషన్ పార్కింగ్ లాట్ అంటున్నారు లాయర్లు. మళ్ళీ పార్కింగ్ లాటే. మళ్ళీ ఆ చివర ఒక కారు, ఈ చివర ఒక కారు. మధ్యలో మంచు. మధ్యలో ఒక పాప. జానకమ్మగారు తన కూతురు నడిచిన ఆ దారిని మూసేయడానికే కదా బతికింది!

విద్య ఆ ఇల్లు ఇప్పుడే అమ్మనంది. శుక్రవారాలకు తెరిచే ఉంచుతానంది. తనకు స్కార్‌బరోలో ఉద్యోగం, ప్రతి వారం రాలేదు. నాకు ఆ వేళ షిఫ్టు. లోపల ఒక మనిషి ఉండాలి. ఎవరి పక్షమూ అడగని మనిషి, అన్నం కలపగలిగిన మనిషి. తాళంచెవి ఆమె ఫొటో పక్కన పెట్టాం. ఎవరు తీసుకుంటారని నేను అడగను. చేతులెత్తమనను. మౌనం అయ్యాక నేను ఇంకేమీ మాట్లాడను.

అమ్మలారా, అయ్యలారా, జానకమ్మగారి కోసం ఇప్పుడు నిలబడదాం. ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకోండి. మాట వద్దు, పాట వద్దు.

పిల్లలు లేవక్కర్లేదు. పిల్లలందరూ కూర్చోండి నాన్నా. మీరు మా పెద్దల మధ్యలో చాలాసేపు నిలబడ్డారు. ఇప్పుడు మేం నిలబడతాం.